అటక దాటిన పొగ

వాచ్‌మన్ లక్ష్మీకాంత్ ఇంకో అరగంటలో వస్తాడట. ఫోను పెట్టేసి శారదమ్మ ఆ మాట చెప్పినప్పుడు ఉపేందర్ సరేనని తల ఊపబోయాడు, కానీ తల కదిపితే చెంపకు ఆనుకుని ఉన్న వంటింటి చిమ్నీ అద్దం కూడా కదులుతుందని గుర్తొచ్చి ఊరుకున్నాడు. అరగంట. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పిల్లర్ల కింద ఇరుక్కున్న వాచ్‌మన్‌కు అరగంట అంటే అరగంటేనా గంటన్నరా, రోజూ అన్నోజిగూడ నుంచి ఆ దారిన బండి మీద వచ్చే తనకు తెలియదా. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు చిమ్నీ అడుగున ఆనించి, గ్రానైటు గట్టు అంచు పొట్టలోకి దిగుతుంటే పొయ్యి మీదికి వంగి నిలబడ్డాడు. ఇరవై కిలోలు. ఇరవై కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కమంటే ఈల వేసుకుంటూ ఎక్కుతాడు, అదే బరువును గాల్లో పట్టుకుని నిలబడమంటే పది నిమిషాలకే మోచేతుల్లో నిప్పు రాజుకుంది. పైనున్న పైపు విప్పుదామని చెయ్యి వేశాడో లేదో ఎడమ బోల్టు గోడలోంచి ఊడొచ్చింది, బూడిద ఇటుక పొడిపొడిగా రాలింది, చిమ్నీ రెండంగుళాలు దిగి ఆగింది. ఇక కుడి బోల్టు ఒక్కటే వంకరగా పట్టుకుని ఉంది. కింద అద్దం పలక పొయ్యి, దాని వెనక గ్యాసు పైపు. ఒకరు ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు ఆ బోల్టు విప్పి దింపాలి. శారదమ్మ చెయ్యి అంత ఎత్తుకు అందదు.

పాపం ఆవిడ ఊరికే కూర్చోలేదు. సిలిండరు కట్టెయ్యమంటే కట్టేసింది, ప్లగ్గు పీకమంటే పీకింది, ఆ తర్వాత తనకు తోచినట్టు పొయ్యి మీద రెండు గంజులు బోర్లించి, వాటిమీద బియ్యం డబ్బా పెట్టి, డబ్బా మీద పీట పెట్టి, పీటకూ చిమ్నీకీ మధ్య మిగిలిన సందులో తువ్వాలు మడిచి దూర్చింది. ఎడమవైపు బరువు కొంత ఆ పీట మీదికి దిగింది. కుడివైపు వదిలితే మాత్రం గంజులూ పీటా చిమ్నీ అద్దమూ అన్నీ కలిసి ఆవిడ కాళ్ల మీదికే వస్తాయి. దూరం జరగమని రెండుసార్లు చెప్పాడు. జరగలేదు. ఆసరాగా ఉంటానని పీటను రెండు చేతులా పట్టుకుని అతని పక్కనే నిలబడింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి, నుదుటిన పెద్ద బొట్టు, ఆ బొట్టు పక్కగా చెమట. ఇంత దగ్గరగా నిలబడితే మనిషి మొహం చూడకుండా ఎటు చూడాలి. అతను పైపు వైపు చూశాడు. అదే అతను చేసిన తప్పు, ఎందుకంటే పైపు మెడకు చుట్టిన వెండి రంగు టేపు అక్కడే ఉంది, మూడు చుట్లు, చివర త్రికోణంగా మడిచి. రేపు విప్పేవాడికి గోరుకు అందాలని అలా మడవడం ఉప్పల్ అంతటా ఒక్కడికే అలవాటు. ఆ ఒక్కడూ ఇప్పుడు చేతులెత్తి నిలబడి ఉన్నాడు.

లోపలికి వచ్చినప్పుడు ఈ ఇంటిని గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు, నాచారం చెరువు వెనక సందులో అప్పుడు రంగు కూడా వెయ్యని అపార్ట్‌మెంటు, లిఫ్టు గోతిలో నీళ్లు, పేరు లేదు, గేటు లేదు. ఇప్పుడు గులాబీ రంగు గోడలు, గేటు మీద ఇత్తడి అక్షరాలు. హార్డ్‌వేర్ షాపాయన నంబరిచ్చాడు, చిమ్నీ తప్పుగా పెట్టిన్రంట, సూసి రా అన్నాడు. తప్పుగా పెట్టినవి సరిచెయ్యడంలోనే ఉపేందర్‌కు ఇప్పుడు పేరు. కంపెనీ మానేసి సొంతంగా తిరగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ప్రతి ఇంట్లోనూ ముందు వచ్చినవాణ్ని తిట్టడంతోనే పని మొదలుపెడతాడు, ఎవడమ్మా గిట్ల పెట్టింది, వానికి పని నేర్పినోడు ఎవడు అని. అలా అంటే ఇంటివాళ్లకు ధైర్యం. ఇవాళ కూడా గుమ్మంలో చెప్పులు విడుస్తూ అనేశాడు. అన్న అయిదు నిమిషాలకు టేపు కనిపించింది. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ల సంగతి వేరు, ఇక్కడ మద్దెలా తనదే, ఆటా తనదే. అప్పుడే చెయ్యి తొందరపడింది, తొందరపడ్డ చెయ్యి బోల్టును కదిపింది.

ఆవిడ గుర్తుపట్టే వీల్లేదు. అది కరోనా రెండోసారి విజృంభించి తగ్గిన కాలం, అతని మొహానికి మాస్కు, నెత్తిన కంపెనీ టోపీ, ఆవిడ మొహానికి కొంగు. మనుషులు కళ్లతో మాత్రమే ఒకరికొకరు తెలిసిన రోజులు. కళ్లు. అతను కళ్లు తిప్పుకున్నాడు. లోపల పడకగదిలో ఆవిడ భర్త బుచ్చిరాములు దగ్గాడు. మామూలు దగ్గు కాదు, ఎక్కడో అడుగున మొదలై పైకి రాలేక మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యే దగ్గు. ముప్పై ఏళ్లు ఇక్కడే దారం మిల్లులో చేసిన మనిషని, ఆ దూది దుమ్ముకు ఊపిరితిత్తులు అప్పుడే సగం పోయాయని, మిగిలిన సగం ఇల్లు కొనుక్కున్నాక పోతోందని శారదమ్మ వచ్చీరాగానే చెప్పింది. దగ్గు ఆగేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. ఆగాక ఆవిడ మొదలుపెట్టింది, ఆ పెట్టినవాడు ఎవడోగానీ వాడి ఇంట పోపు గింజ చిటపటలాడకూడదని, వాడికి ఏ పూటా ముద్ద గొంతు దిగకూడదని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి ఉపేందర్‌కు చేతులు ఖాళీ లేవు.

"వాని చేతులు వడిపోను" అన్నది శారదమ్మ.

పడిపోతున్నాయి. నిజంగానే పడిపోతున్నాయి, ఎడమ చెయ్యి వేళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు, చిమ్నీ అంచు అరచేతిలోకి కోసుకుపోతోందేమో, రక్తమో చెమటో మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పాకుతోంది. గడియారం ఎక్కడుంది ఈ ఇంట్లో. గృహప్రవేశం నాడు ఎవరో గడియారం బహుమతి ఇచ్చారు, దాన్ని తగిలించడానికి మేకు కొట్టబోతే ఇదే ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి ఆపింది. అవును, అదే రోజు. ముందు రోజు సాయంత్రం చిమ్నీని గోడకు తగిలించేసరికి కరెంటు పోయింది, పైపు పని మర్నాటికి ఉంచాడు. మర్నాడు వచ్చేసరికి హోమం అయిపోయింది, ఇల్లంతా నెయ్యి పొగ, పొయ్యి మీద పొంగిన పాలు ఇంకా తుడవలేదు, అతనికి కూడా స్టీలు గ్లాసులో పరమాన్నం పెట్టారు. తిని, డ్రిల్లు బయటికి తీసి, పైపు బయటికి పోవడానికి తూర్పు గోడకు రంధ్రం వేస్తానంటే శారదమ్మ గోడకు అడ్డంగా నిలబడింది. హోమం అయిన ఇంటికి మండలం రోజులు సుత్తి తగలకూడదట, అందులోనూ ఆగ్నేయం మూల గోడ. వాళ్ల అత్త చెప్పిందట, ఆ అత్తకు వాళ్ల అత్త. నలభై రోజులాగి రా బిడ్డా అంది. రంధ్రం అంటే గంట పని, దుమ్ము, పై అంతస్తు వాళ్ల గొడవ. ఆ రోజు అతని ఫోన్లో ఎనిమిది ఇళ్లున్నాయి. ఆవిడ ఆ మాట అనగానే అతనికి ఏమనిపించింది? నిజం చెప్పుకోవాలంటే, పండగనిపించింది.

పైపును అటకలోకి తోశాడు. వంటింటి పైన అటక, అవతల వైపు పడకగదిలోకి కూడా దానికి తలుపుంది, పరుపులూ బొంతలూ పెట్టుకోవడానికి. పైపు మూతి అటకలో పెట్టి, మెడకు టేపు చుట్టి, చివర త్రికోణంగా మడిచి, కింది నుంచి ఫోటో తీసి కంపెనీకి పంపాడు. ఫోటోలో అన్నీ చక్కగానే ఉన్నాయి. పని అయిపోయినట్టు రుజువుకు ఆవిడ ఫోనుకు నాలుగంకెలు వస్తే అద్దాలు వెతుక్కుని ఒక్కో అంకె చదివి చెప్పింది, పని బాగుందని అయిదు చుక్కలు నొక్కమంటే అయిదూ నొక్కింది. పైపు ఎక్కడ పెట్టాడో చెప్పకుండానే నలభై రోజులకు వస్తానన్నాడు. పది రోజులకు కంపెనీ మారాడు, దాంతోపాటే నంబరు మారింది. ఆ తర్వాత ఎన్ని ఇళ్లు, ఎన్ని వంటిళ్లు, ఎన్ని అత్తల మాటలు. మర్చిపోయాడా? పూర్తిగా మర్చిపోలేదు. ఒకసారి వానాకాలంలో నాచారం మీదుగా పోతూ ఆ సందు మొదట్లో బండి వేగం తగ్గించాడు. తగ్గించి, మళ్లీ పెంచాడు.

చిమ్నీ బాగానే పనిచేసింది, పాపిష్టిది. అదే కదా దారుణం. పాడైపోయినా బాగుండేది. వంటింట్లో పిసరంత పొగ కూడా లేకుండా మొత్తం లాగి, అటకలోకి ఊది, అటక తలుపు సందుల్లోంచి పడకగదిలో మంచం మీద పడుకున్న మనిషి మొహం మీదికి పంపింది. రోజుకు రెండుపూటలా. ఎండుమిరపకాయల పోపు, చేపల వేపుడు, మాడిన నూనె. ఆయన దగ్గితే ఈవిడ వంటింటి పొగ ఆయన దాకా పోతోందేమోనని స్పీడు ఇంకో నంబరు పెంచేదట. పెంచినకొద్దీ దగ్గేవాడట. ఇదంతా ఆవిడ ఇప్పుడు పీట పట్టుకుని నేలచూపులు చూస్తూ చెబుతోంది, తిట్లు ఎప్పుడో ఆగిపోయాయి. రెండు నెలల కింద చలి మొదలైనప్పుడు చెంగిచెర్ల నుంచి కూతురు సంతోషి వచ్చి, నాయినకు కప్పుదామని అటక లోపలి మూల నుంచి, ఇన్నేళ్లూ ఎవరూ తియ్యని పాత బొంత తీసిందట. బొంత జిడ్డు కారుతోంది. చెయ్యి పెట్టి వెతికితే లోపల పైపు నోరు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. సంతోషి నాయినను దవాఖానాకు తీసుకుపోయింది, డాక్టరు ముందే తల్లిని నిలదీసింది.

ఉపేందర్‌కు ఆ తర్వాతిది వినాలని లేదు. వినకుండా చెవులు మూసుకోవడానికి కూడా చేతులు లేవు. లక్ష్మీకాంత్ ఎక్కడున్నాడు, హబ్సిగూడ వైపు తిరిగాడా, లిఫ్టు చప్పుడేనా అది, కాదు, పక్కింటి కుక్కర్. కుడి బోల్టు సన్నగా కిర్రుమంది. గోడలోంచి పొడి రాలి అతని కనురెప్ప మీద పడింది, తుడుచుకోలేడు, కన్ను మండి నీళ్లు వచ్చాయి. ఈ బూడిద ఇటుకకు బోల్టు పట్టడానికి గోడలో పొడుగు ప్లాస్టిక్ ప్లగ్గులు దించాలి, ఇప్పుడైతే కళ్లు మూసుకుని చెబుతాడు, అప్పుడు సంచీలో ఉన్నవి పొట్టివి, కరెంటు పోయింది, చీకటి పడింది, ఏదైతేనేం నిలబడిందిగా అనుకున్నాడు. నిలబడింది. ఇన్నేళ్లూ దాని కింద ఈ మనిషి పప్పు వండుకుంది. ఇంకొక్క అరగంట నోరు మూసుకుంటే చాలు. వాచ్‌మన్ వస్తాడు, దింపుతారు, తూర్పు గోడకు రంధ్రం వేస్తాడు, పైపు బయటికి పోతుంది, కూలి వద్దంటాడు, ఎంత మంచోడు అనుకుంటారు. లోకంలో ఎవడికీ తెలియదు. దొంగకు తేలు కుట్టినట్టు ఇంత బాధా మింగి మెట్లు దిగిపోవచ్చు.

"వాణ్నని ఏం ఫాయిదా బిడ్డా" అంది శారదమ్మ. గొంతు పూర్తిగా దిగిపోయింది. "గోడ ముట్టొద్దని ఆపింది నేను. వాడు డ్రిల్లు పట్టుకునే వచ్చిండు. నేనే అడ్డం నిలవడ్డ."

అతను జారుతున్న అరచేతిని ఇంకాస్త లోపలికి జరిపాడు.

"నా బిడ్డ అదే అన్నది. నీ హోమం, నీ మండలం, నాయిన ఊపిరి నువ్వే తిన్నవ్ అన్నది. డాక్టర్ ముంగట అన్నది. రెండు నెలలాయె, నాయినకు ఫోన్ జేస్తది, నాకు ఇయ్యమనది."

ఆ మాట తర్వాత ఆవిడ ఏడవలేదు, పీట మీద తువ్వాలు సర్దింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో పోపు లేదట. పప్పు ఉడకబెట్టి ఉప్పేసి దించేస్తుందట. బుచ్చిరాములు ఏమీ అనడట, అసలు మొదటి నుంచీ ఆ మనిషి ఏమీ అనేవాడు కాదట, అదే ఇంకా కష్టమట. రాత్రుళ్లు ఆయన దగ్గిన ప్రతిసారీ లేచి కూర్చుని, ఆ రోజు గోడకు అడ్డంగా నిలబడకపోతే అని మొదలుపెడుతుందట, తెల్లారుతుందట. ఉపేందర్ చూపు తనకు తెలియకుండానే సింకు పైకి పోయింది. అక్కడ వెంటిలేటర్. నాలుగు అద్దం పలకలు, ఒకదాని కింద ఒకటి, గాలికి కొద్దిగా కదులుతూ. ఆ రోజు కూడా అలాగే కదిలాయి. కదిలినప్పుడు చూశాడు. ఒక్క పలక జారిస్తే పైపు అందులోంచి బయటికి పోతుంది, గోడకు గీత పడదు, సుత్తి అక్కర్లేదు, ఏ అత్తా అడ్డం చెప్పదు. పావుగంట పని. పలక జారించి, పైపు ఇంకో మూరెడు అతికించి, చుట్టూ రేకు కట్ చేసి బిగించాలి. చూశాడు, తెలుసు, నోరు మెదపలేదు. ఈవిడకు తెలియదు కాబట్టి ఇన్నాళ్లూ గోడ ఒక్కటే దారి అనుకుంటోంది.

ఆ మిగుల్చుకున్న సమయంలో ఏం చేశాడు? ఏదో పెద్ద కారణం ఉండి ఉంటుందని గట్టిగా వెతికాడు. ఇంట్లో ఎవరికైనా బాగాలేదా, పెళ్లాం పిలిచిందా, తర్వాతి ఇంటివాళ్లు తొందరపెట్టారా. ఏదో ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని మాట మొదలుపెట్టవచ్చు. దొరకలేదు. హబ్సిగూడ చౌరస్తాలో బండి ఆపి మిర్చి బజ్జీలు తిన్నాడు. లోపల వాము, పైన ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మకాయ పిండి ఇచ్చాడు బండివాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని రెండు ప్లేట్లు తిన్నాడు, చాయి తాగాడు, బండి మీద కూర్చుని పావుగంట కునుకు తీశాడు. చాలా హాయిగా ఉండిందని కూడా గుర్తుంది. లోపల బుచ్చిరాములు మళ్లీ దగ్గడం మొదలుపెట్టాడు. శారదమ్మ పడకగది వైపు తల తిప్పింది, పీట వదిలి పోనూ లేదు, పోకుండా ఉండనూ లేదు, ఆ మొహం చూడగానే ఉపేందర్‌కు తన మీద తనకు రోత పుట్టింది. చేతుల నొప్పి ఆ క్షణాన తెలియలేదు. భయం మాత్రం తెలిసింది. 

"పెద్దమ్మా" అన్నాడు. "గోడ ముట్టకుండ గూడ పైపు బయటికి వంపొచ్చుండె. గా సింకు మీది అద్దం ఒక్కటి తీస్తె అయిపోవు."

ఆవిడ వెంటిలేటర్ వైపు చూసింది.  అది నీకెట్ల తెలుసని అడిగింది, ఇంకా అర్థం కాలేదు, పనివాడు ఏదో చిట్కా చెబుతున్నాడనుకుంది.

"గా రోజే జూసిన. చిమ్నీ వెట్టింది నేనే."

కుడి బోల్టు మళ్లీ కిర్రుమంది. ఇప్పుడు ఆవిడ పీట వదిలేస్తే అంతా కూలుతుంది, వదిలేసినా అడగడానికి తనకు నోరు లేదు. ఆవిడ వదల్లేదు. అతని మొహంలోకి, ఈసారి నేరుగా కళ్లలోకి చూసింది, కిందిసగం మొహాన్ని మనసులోనే కప్పి చూస్తున్నట్టు తెలిసిపోయింది. తిడుతుందనుకున్నాడు, ఇందాకటి తిట్లన్నీ ఒక పేరు వెతుక్కుంటూ వస్తాయనుకున్నాడు. ఒక్కటీ రాలేదు.

"తెల్సి ఎందుకు జెప్పలే?" అని మాత్రం అడిగింది.

ఎనిమిది ఇళ్లున్నాయనవచ్చు. కంపెనీ వాళ్లు నిమిషాలు లెక్కపెడతారనవచ్చు, అది అబద్ధం కూడా కాదు. నోటిదాకా వచ్చింది.

"ఆకలైంది. బజ్జీలు తిననీకి వోయిన."

శారదమ్మ ఒక చేత్తో పీట పట్టుకునే రెండో చెయ్యి కొంగులోకి పోనిచ్చి ఫోను తీసింది. వాచ్‌మన్‌కు చేస్తోందనుకున్నాడు, కాకపోతే పోలీసులకు. బొటనవేలితో ఒక పేరు మీద నొక్కింది, తప్పు పేరు పడింది, తీసేసి మళ్లీ నొక్కింది. మునివేళ్ల మీద లేచి, మోకాలి నొప్పికి పళ్లు బిగపట్టి, ఫోనును అతని చెవికి ఆనించింది. అవతల రింగవుతోంది. ఒకటి, రెండు, మూడు. ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు ఇలా రింగై ఆగిపోయిందో. అతను ఎత్తొద్దు, ఎత్తొద్దు అనుకున్నాడు. వెంటనే ఎత్తితే బాగుండుననుకున్నాడు. చేతులు రెండూ ఆమె ఇంటి బరువు మోస్తున్నాయి, చెవి ఆమె చేతిలో ఉంది, పారిపోవడానికి ఏదీ మిగల్లేదు. ఆరో రింగుకు ఎత్తారు.

"నాయినకేమన్న అయిందా?" అంది సంతోషి. అమ్మా అనలేదు.

"నాయిన మంచిగనే ఉన్నడు అక్కా. నా పేరు ఉపేందర్. మీ ఇంట్ల చిమ్నీ వెట్టి, పైపు అటకల దోపింది నేనే. మీ అమ్మ ఆపినా ఇంకో తొవ్వ ఉండె. నాకు తెల్సి చెప్పలే. మీ అమ్మ తప్పేం లేదు."

అవతల ఏమీ వినిపించలేదు. ఫ్యానో గాలో మాత్రం సన్నగా. పడకగదిలో దగ్గు కూడా ఆగింది, ఆ మనిషి అక్కడి నుంచే వింటున్నట్టుంది. ఉపేందర్ ఫోను తీసెయ్యమన్నట్టు శారదమ్మ వైపు కళ్లు తిప్పాడు. ఆవిడ తియ్యలేదు. ఇంకా గట్టిగా అతని చెవికి అదిమింది.

"మల్లొక్కసారి జెప్పు బిడ్డా" అంది. "దానికి ఇనవడిందో లేదో."